జాన్ బాయిడ్ డన్లప్

తెలుగునాట పలుచోట్ల రబ్బరు చక్రముల యెడ్లబండికి డన్లప్ బండి యని పేరు. ఆ పేరు ఒక పశువైద్యునిదని మన మాడుగుల బాలబాలికలలో ఎందరెరుగుదురు? తన కుమారుని బండికి స్వయముగా చక్రములను చేసిన యాతని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

జాన్ బాయిడ్ డన్లప్ 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీని స్కాట్లండునందలి డ్రెగ్‌హారన్ గ్రామమున జన్మించెను. ఎడింబరోలో పశువైద్యము నభ్యసించి, 1867లో ఐర్లండునకు పోయి, పిమ్మట బెల్‌ఫాస్టు నగరమున ఆ వృత్తియందు పేరుగాంచెను.

ఆయన చిన్నకుమారునకు మూడుచక్రముల సైకిలొకటి యుండెను. రాళ్లు పరచిన వీథులలో దానిపై పోవునపుడు బాలునకు కుదుపు మెండుగా నుండెను. కుదుపులేని చక్రము ఏ యంగడిలోను దొరకదు. 1887లో డన్లప్ పలుచని రబ్బరు గొట్టమున గాలినింపి, కొయ్యబిళ్ల చుట్టును అమర్చి, పైని నారబట్ట కప్పి మేకులు కొట్టెను. అంతటితో తృప్తినొందక, ఆ చక్రమును, సైకిలు పాతచక్రమును పెరటిలో దొర్లించి పోల్చి చూచెను. పాతది నడుమనే పడిపోయెను. క్రొత్తది పెరటి కొస వరకు పోయి, తలుపును తాకి వెనుకకు మరలెను. గులకరాయి తగిలినపుడు గాలి యణగి మరల పొంగును. బండి యెగిరిపడదు, బలము వృథా కాదు. ఈ పరీక్ష నెగ్గిన పిమ్మటనే యట్టి చక్రములను బాలుని బండికి తొడిగెను.

1888 డిసెంబరు 7న ఆయనకు పేటెంటు లభించెను. 1889 మే 18న బెల్‌ఫాస్టు పందెములలో హ్యూము అను యువకుడు గాలిచక్రముల సైకిలెక్కి గెలుపొందగా, ఆ లావుచక్రములను పరిహసించినవారు విస్మితులైరి.

అయితే 1845లోనే థామ్సన్ అను మరియొక స్కాట్లండు దేశీయుడు గాలిచక్రమునకు పేటెంటు పొందియుండెను. సైకిళ్లు వ్యాపింపని యా కాలమున దానిని లోకము మరచెను. డన్లప్ ఆ సంగతి నెరుగడు. తుదకాయన పేటెంటు చెల్లకపోయెను. ఆయన పేర వెలసిన సంఘము లోకమంతట వర్ధిల్లెను. 1936లో వంగదేశమందలి సాహాగంజ్‌లో దాని కర్మాగారము నెలకొనెను. ఆయనకు మాత్రము గొప్ప భాగ్యము చేకూరలేదు. 1895లో సంఘమును విడిచి, 1921 అక్టోబరు 23న డబ్లిన్‌లో దివంగతుడయ్యెను.

నేడు మన విద్యార్థులు రోబోలను చేయుచు, తగిన కొలత చక్రము దొరకక నిరుత్సాహపడుట కలదు. వారికి మేము చెప్పునది యిదియే: దొరకనిదానిని చేసికొనుడు, చేసినదానిని పాతదానితో దొర్లించి చూడుడు, మీకు ముందు దానిని చేసినవారెవరో వెదకి, వారి పేరు మరువకుడు. ధనము నిలువకున్నను, ఒక బాలుని కష్టమును తీర్చిన పని నిలిచినది.