ఊళ్లు మారిన వడ్రంగి – జార్జ్ నకషిమా

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో తాళ్లు, గోనెపట్టాలు బయటికి వస్తాయి. కొత్త ఊళ్లో లారీ దింపేసరికి ఏదో ఒక కుర్చీ చేయి ఊడి ఉంటుంది. మేమూ ఎన్నో ఊళ్లు మారినవాళ్లమే. అందుకే ఈసారి, ఊళ్లు మారుతూనే కలకాలం నిలిచే కుర్చీలు చేసిన ఒక మనిషి గురించి చెప్పుకుందాం.

జార్జ్ నకషిమా 1905లో అమెరికాలోని స్పొకేన్‌లో, జపాన్ నుంచి వలస వచ్చిన దంపతులకు పుట్టారు. చిన్నప్పటి నుంచీ అడవులన్నా కొండలన్నా ఇష్టం. కళాశాలలో మొదట అటవీశాస్త్రంలో చేరి, తర్వాత భవన నిర్మాణ కళకు మారారు. చదువయ్యాక పారిస్‌లో కొన్నాళ్లు గడిపి, టోక్యోలో ఆంటొనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్టు దగ్గర చేరారు.

1937లో రేమండ్ ఆయనను మన పుదుచ్చేరికి పంపారు. అక్కడ అరవిందాశ్రమం కోసం కట్టిన వసతి గృహం పనులు నకషిమా దగ్గరుండి చూశారు. ఆ భవనం పేరు గోల్కొండ! దాని నిర్మాణానికి హైదరాబాద్ నిజాం ప్రభుత్వం నుంచి విరాళం అందింది. అందుకే మన తెలుగునాట ఉన్న కోట పేరు అక్కడ నిలిచింది. నకషిమా ఆశ్రమవాసుల్లో ఒకరైపోయారు. సుందరానంద అన్న పేరు పొందారు. ఆ గదులకు టేకు సామాను కూడా రూపొందించారు.

తర్వాత అమెరికా తిరిగి వెళ్లారు. ఇంతలో యుద్ధం. 1942లో జపాన్ సంతతివాళ్లన్న ఒకే కారణంతో వేలాది కుటుంబాలను అమెరికా ప్రభుత్వం నిర్బంధ శిబిరాలకు తరలించింది. నకషిమా, భార్య మారియన్, పసిపాప మీరా ఐడహో ఎడారిలోని మినిడోకా శిబిరానికి చేరారు. మన బదిలీకి ఉత్తర్వుతో పాటు జీతం, క్వార్టరు ఉంటాయి. వాళ్లకు ముళ్లకంచె మాత్రమే ఉంది.

ఆ శిబిరంలోనే ఆయనకు గెంటారో హికొగావా అనే వడ్రంగి గురువుగా దొరికారు. ఉలి పదును పెట్టడం, చిత్రిక పట్టడం, మేకు లేకుండా ఒక కర్ర కొనను మరో కర్ర గాడిలో బిగించడం ఆయన దగ్గర ఓపికగా నేర్చుకున్నారు. వాడి పారేసిన చెక్క ముక్కలే వాళ్ల సరుకు.

1943లో రేమండ్ చొరవతో విడుదలై, పెన్సిల్వేనియాలోని న్యూ హోప్‌లో స్థిరపడ్డారు. సొంత చేతులతో ఇల్లు, పనిశాల కట్టుకున్నారు. అక్కడ ఆయన చేసిన కుర్చీలకు లోకమంతా పేరొచ్చింది. కూర్చునే పలకను ఒంటికి అమరేలా కాస్త గుంటగా తొలిచేవారు. వెన్నుకు ఆసరాగా సన్నని హికరీ కడ్డీలు నిలిపేవారు. అవి గట్టిగా ఉంటూనే కొద్దిగా వంగుతాయి, అందుకే వీపుకు హాయి. ఒక వాలు కుర్చీకైతే ఒకవైపు మాత్రమే వెడల్పాటి చేయి పెట్టి, దాని అంచును చెట్టు పెరిగిన వంపులోనే వదిలేశారు. 1960లో చేసిన కోనాయిడ్ కుర్చీకి రెండే కాళ్లు. పడిపోతుందేమోనని కొందరు సందేహించినా అది నిలిచింది.

పలకలో పగులుంటే దాన్ని పారేసేవారు కాదు. పగులుకు అడ్డంగా సీతాకోకచిలుక ఆకారపు చెక్క బిళ్లను దిగగొట్టి, అది అందరికీ కనిపించేలా ఉంచేవారు.

1964లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థకు వచ్చి, అక్కడా ఫర్నిచర్ రూపొందించారు. 1990లో కన్నుమూశారు. శిబిరంలో పసిపాపగా ఉన్న మీరా పెద్దయ్యాక ఆ పనిశాలను నడిపారు.

పిల్లలూ, స్నేహితులను వదిలి కొత్త బడిలో కూర్చున్న మొదటి రోజు ఎంత బరువో మాకు తెలుసు. నకషిమా మాత్రం వెళ్లిన ప్రతిచోటా ఏదో ఒక పని నేర్చుకుని వెంట తీసుకెళ్లారు. ఈసారి లారీ దిగాక కుర్చీ చేయి ఊడి ఉంటే పారేయకండి. ఆ ఊరి వడ్రంగిని పిలిపించి, ఆయన పక్కనే కూర్చుని చూడండి. కొత్త ఊళ్లో మీ మొదటి పరిచయం ఆయనే కావచ్చు.