పొలములకు నీరు తెచ్చిన సైనికుడు

1803 మే 15న ఇంగ్లాండులో జన్మించిన ఆర్థర్ కాటన్ పదునైదేండ్ల ప్రాయముననే సైనిక విద్యాలయమున చేరెను. 1821లో మద్రాసు ఇంజనీర్ల దళమున అధికారిగా భారతదేశమునకు వచ్చెను. 1824లో ఆరంభమైన బర్మా యుద్ధమున పాల్గొని మరణమును దగ్గరగా చూచెను. యౌవనముననే ప్రభువును నమ్ముకొనిన ఆ యోధుడు అటుపిమ్మట తన ఆయుష్షును నీటి పనులకే అర్పించెను.

తంజావూరు సీమలో చోళరాజులు కట్టించిన కల్లణను ఆయన విద్యార్థివలె పరిశీలించెను. లోతైన ఇసుకలోను దృఢమైన కట్ట నిలుపవచ్చునని ఆ పూర్వుల పనివలననే నేర్చుకొనెను. 1836లో కొల్లిడం నదిపై ఆనకట్టలు కట్టి ఆ పాఠమును సార్థకము చేసెను.

ఆ కాలమున గోదావరి జిల్లా ప్రజలు కరవులవలనను, 1839 నాటి తుపాను ఉప్పెనవలనను నలిగియుండిరి. మహానది ప్రక్కనే పారుచుండగా పంటలు ఎండిపోవుచుండెను. 1847లో ధవళేశ్వరము వద్ద పని ఆరంభమాయెను. నడుమ ఆరోగ్యము చెడినను కాటన్ వెనుదీయలేదు. వీణం వీరన్న ఆయనకు కుడిభుజమై నిలిచెను. అచ్చటి కూలీల మధ్య విలియం బౌడెన్ సువార్త ప్రకటించెను. 1852లో ఆనకట్ట పూర్తియై, లక్షల ఎకరములకు నీరు పారెను.

1876-78 కరవున దక్షిణదేశమున లక్షలాది జనులు మరణించుచుండగా, గోదావరి డెల్టా తాను నిలిచి ఇతరులకును ధాన్యము పంపెను. అయినను, రైలుమార్గములకంటె కాలువలే ముఖ్యమని వృద్ధుడైన కాటన్ చేసిన వాదమును 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘము అంగీకరింపలేదు. అందుకు ఆయన క్రుంగిపోలేదు. డోర్కింగ్ పట్టణమున తన తోటలోనే నేలను లోతుగా త్రవ్వి సేద్యపు ప్రయోగములు సాగించెను.

1899 జూలై 24న, 96 ఏండ్ల వయస్సున, జనరల్ సర్ ఆర్థర్ కాటన్ ప్రభువునందు నిద్రించెను. ఆయన దేహము ఆంగ్లభూమిలోనే విశ్రమించినది. ఆయన కట్టిన ఆనకట్ట 120 సంవత్సరములకు పైగా పొలములను తడిపెను. దాని స్థానమున 1982 నాటికి పూర్తియైన బ్యారేజీ ఆయన పేరనే వెలసినది. నేటికిని మే 15న గోదావరి తీర రైతులు ఆయన విగ్రహమునకు పూలమాలలు వేయుదురు. ఆయన పోరాడిన యుద్ధము నేడు కొందరికే జ్ఞాపకమున్నది. ఆయన పారించిన నీరు మాత్రము ప్రతి ఇంటి అన్నపు ముద్దలో నిలిచియున్నది.