ఫోటాన్ నుంచి రక్షణ శాఖ దాకా.. సూరి భగవంతం

బేసిక్ సైన్స్ చదివితే ఉద్యోగం వస్తుందా? కోకాపేట కంపెనీల చుట్టూ రెజ్యూమేలతో తిరుగుతున్న ఫ్రెండ్స్, సూరి భగవంతం కెరీర్ ఒకసారి చూడండి. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో ఫిజిక్స్ చదివి, కలకత్తాలో సి.వి.రామన్ దగ్గర రీసెర్చ్‌లో చేరారు. కాంతి కణమైన ఫోటాన్‌కు స్పిన్ ఉందని 1931లో ఇద్దరూ కలిసి ప్రయోగంతో చూపించారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. ఉస్మానియా వీసీ, బెంగళూరు ఐఐఎస్సీ డైరెక్టర్ అయ్యారు. 1961లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా వెళ్లారు. మరుసటి ఏడాదే చైనాతో యుద్ధం! ల్యాబ్‌లో తప్పితే ప్రయోగం మళ్లీ చేసుకోవచ్చు, అక్కడ ఆ వీలుండదు. అయినా 1969 దాకా ఆ బాధ్యత మోశారు. 1989లో కన్నుమూశారు. ఆయన పదవులు మారాయి కానీ, వాటన్నిటికీ పునాది ఫిజిక్సే. మొదటి జాబ్ ఏదైనా సరే, మీ సబ్జెక్టును వదలకండి.