మనసు గోడు విన్న వైద్యుడు – గిరీంద్రశేఖర బోసు

కాలు విరిగినవానిని పరామర్శించడానికి ఊరంతా వస్తుంది. జ్వరము తగిలినవానికి పథ్యము చెప్పేవారు పదిమంది ఉంటారు. మనసు చెదిరినవాని ఇంటి తలుపులు మాత్రము మూతపడుతవి. గ్రహము పట్టినదనో, పూర్వజన్మ కర్మమనో, వంశమునకు మచ్చ అనో తలచి ఇంటివారే ఆ వ్యథను లోకము కంటబడకుండా దాచుకొంటారు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో కలకత్తా నగరమున ఒక వైద్యుడు, అట్టి రోగి చెప్పుకొనే మాటలను ఓపికతో వినడమే చికిత్సకు తొలిమెట్టని నమ్మి, తన జీవితమంతయు ఆ పనికే వినియోగించినాడు. ఆయన గిరీంద్రశేఖర బోసు. భారతదేశమున మనోవిశ్లేషణ శాస్త్రమునకు పునాది వేసిన మహనీయుడు.

గిరీంద్రశేఖరుడు 1887 జనవరి 30న జన్మించినాడు. తండ్రి చంద్రశేఖర బోసు దర్భంగా మహారాజు సంస్థానములో దివాను. తొమ్మండుగురు సంతానములో గిరీంద్రుడే కడగొట్టువాడు. అన్నలలో ఒకడైన రాజశేఖర బోసు ‘పరశురామ్’ అను కలము పేరుతో హాస్యకథలు వ్రాసి వంగ సాహిత్యమున శాశ్వతస్థానము పొందినాడు. చలంతికా అను నిఘంటువును కూర్చినాడు. కలకత్తాలో పార్శీ బాగాన్ సందులోని 14వ నంబరు గృహము ఈ సోదరుల నివాసము. రచయితలు, చిత్రకారులు, శాస్త్రజ్ఞులు అచ్చట గుమిగూడి గంటల తరబడి ముచ్చటించేవారు. మాటకు విలువ ఇచ్చే ఇల్లది. మాట ద్వారా వైద్యము చేయదలచినవానికి అంతకంటె తగిన పరిసరము వేరొకటి ఉండబోదు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1910లో వైద్యపట్టము పొంది, బోసు కలకత్తాలో వైద్యవృత్తి ప్రారంభించినాడు. చిన్ననాటి నుండి ఆయనకు ఇంద్రజాలమన్నను, హిప్నాటిజమన్నను ఆసక్తి మెండు. మందులకు లొంగని కొన్ని బాధలు మాటలతో ఉపశమించడము ఆయనను ఆలోచింపజేసినది. వియన్నా నగరమున సిగ్మండ్ ఫ్రాయిడు చేయుచున్న పరిశోధనలను గురించి పత్రికలలో వచ్చిన కొద్దిపాటి వార్తలే ఆనాడు ఆయనకు ఆధారము. ఆ కొద్దిపాటి వెలుగులోనే తన రోగులను పరిశీలిస్తూ, తన మార్గమును తానే వెదకుకొన్నాడు.

కలకత్తా విశ్వవిద్యాలయములో మనస్తత్వశాస్త్రమునకు ప్రత్యేక శాఖ ఏర్పడగానే, వృత్తిలో స్థిరపడిన ఈ వైద్యుడు తిరిగి విద్యార్థి అయినాడు. తనకంటె చిన్నవారితో కలసి పాఠములు విని, 1917లో, ముప్పది ఏండ్ల వయసున, ఎం.ఎస్‌సి. పట్టము పొందినాడు. అనంతరము ఆ శాఖలోనే ఉపన్యాసకుడైనాడు. 1921లో అణచివేతను గురించి ఆయన వ్రాసిన సిద్ధాంతవ్యాసమునకు డాక్టరు పట్టము లభించినది. భారతీయ విశ్వవిద్యాలయము నుండి మనస్తత్వశాస్త్రములో ఆ పట్టము పొందిన మొదటివాడు ఆయనయే.

ఆ గ్రంథములోని మూలసూత్రము విరుద్ధవాంఛల సిద్ధాంతము. మనిషిలో కలిగే ప్రతి కోరికకును దానికి ఎదురైన కోరిక ఒకటి జంటగా ఉంటుందని బోసు భావించినాడు. ఒకనిని కొట్టవలెనను కోరిక వెనుక తాను దెబ్బతినవలెనను కోరిక దాగియుంటుంది. ఆదరించవలెనను కోరికకు ఆదరము పొందవలెనను కోరిక తోడు. రెండును ఒకేసారి వెలుగులోనికి రాలేవు. ఒకటి పైకి వచ్చినప్పుడు రెండవది అణగిపోతుంది. అణగియే లోపలి నుండి మనిషిని పీడిస్తుంది. కావున రోగి ఊహలో తాను ఒకసారి కొట్టువాడై, మరియొకసారి దెబ్బతినువాడై, ఇరుపక్షముల అనుభవమును తెలుసుకొనవలె. అప్పుడు లోపలి పెనుగులాట సడలుతుంది. ఇది బోసు కనిపెట్టిన చికిత్సాపద్ధతి.

ఆయన తన గ్రంథమును ఫ్రాయిడునకు పంపినాడు. అంత దూరదేశమున తన భావములను ఇంత లోతుగా గ్రహించినవాడు ఉన్నందుకు ఫ్రాయిడు ఆశ్చర్యానందములు పొందినాడు. ఆ ఉత్తర ప్రత్యుత్తరములు సుమారు పదునేడేండ్లు సాగినవి. ఇరువురును ముఖాముఖి కలుసుకొనలేదు. చిత్రకారుడు యతీంద్రకుమార సేన్, ఫ్రాయిడును చూడకుండానే, ఆయన రచనలను బట్టి ఆయన ముఖము ఎట్లుండునో ఊహించి గీసిన చిత్రమును బోసు వియన్నాకు పంపగా ఆ వృద్ధుడు ముచ్చటపడినాడు. 1931లో ఫ్రాయిడు డెబ్బదియైదవ జన్మదినమునకు కలకత్తా నుండి దంతముతో చెక్కిన విష్ణుమూర్తి కానుకగా వెళ్లినది. ఫ్రాయిడు దానిని తన వ్రాతబల్లపై ఉంచుకొన్నాడు.

అయినను ఈ స్నేహము గురుశిష్యసంబంధముగా మారలేదు. తన రోగులలో తాను చూచినది ఫ్రాయిడు సిద్ధాంతముతో సరిపోలనిచోట బోసు వెనుదీయలేదు. బాల్యమున తల్లిదండ్రుల ఎడల కలిగే భయములు, కోరికలు యూరోపీయులలో తీసుకొనే రూపమునే భారతీయులలోను తీసుకొనవని 1929లో తన వ్యాసములను పంపుతూ వివరించినాడు. ఫ్రాయిడు ఆ వాదమును పూర్తిగా అంగీకరించలేదు. అయినను అది ఆలోచింపదగినదని గుర్తించినాడు. దేశము పరాయిపాలనలో ఉన్న దినములవి. పాశ్చాత్యుల మాటయే శాస్త్రమని తలలూపేవారు ఒకవంక, వారి విద్య మనకేల అని తలుపు మూసేవారు మరొకవంక. బోసు వారి విద్యను శ్రద్ధతో నేర్చినాడు. తన అనుభవము చెప్పినదానిని నిర్భయముగా వారి ముందుంచినాడు.

1922లో పార్శీ బాగాన్ గృహములోనే భారతీయ మనోవిశ్లేషణ సంఘము వెలసినది. తొలిసభ్యులు పదునైదుగురు. వారిలో తొమ్మండుగురు కళాశాలలలో మనస్తత్వమో, తత్త్వశాస్త్రమో బోధించే అధ్యాపకులు కావడము గమనింపదగిన విశేషము. బోసు మరణపర్యంతము ఆ సంఘమునకు అధ్యక్షుడుగా ఉన్నాడు. 1933లో కార్మైకేల్ వైద్యకళాశాల ఆసుపత్రిలో – నేటి ఆర్.జి. కర్ కళాశాల అదియే – మానసికరోగులకు బయటిరోగుల విభాగము ఆయన పూనికతో ప్రారంభమైనది. జ్వరము, దగ్గు చూపించుకొనడానికి వచ్చినవారి నడుమ మనోవ్యథ కలవాడును సిగ్గుపడక వచ్చి కూర్చొనే వీలు కలిగినది. 1940లో, అన్న రాజశేఖరుడు ఇచ్చిన స్థలములో, లుంబినీ పార్కు మానసిక వైద్యాలయము వెలసినది.

బోసు శాస్త్రజ్ఞుడు మాత్రమే కాడు. పిల్లల కొరకు ఎర్రచీమల, నల్లచీమల యుద్ధకథ వ్రాసినాడు. పురాణములను, భగవద్గీతను, పతంజలి యోగసూత్రములను పరిశీలించి గ్రంథములు రచించినాడు. 1953 జూన్ 3న ఆయన కీర్తిశేషుడైనాడు.

ఆయన సిద్ధాంతములను నేటి శాస్త్రజ్ఞులలో యథాతథముగా స్వీకరించేవారు అరుదు. నెలల తరబడి సాగే మనోవిశ్లేషణ పేదవానికి అందుబాటులో ఉండేదియును కాదు. తరువాత మందులు వచ్చినవి, క్లుప్తమైన చికిత్సావిధానములు వచ్చినవి. 2017లో భారతదేశము చేసిన చట్టము మానసిక వైద్యసేవను పౌరుని హక్కుగా గుర్తించినది. 2022 నుండి టెలి మానస్ సేవ ద్వారా, 14416 నంబరుకు ఫోను చేసి, ఇంటి నుండియే సలహా పొందే వీలు కలిగినది. అయినను పరీక్షాఫలితములు వెలువడిన ప్రతిసారియు దిగులుతో క్రుంగిపోయే బాలబాలికలు మన తెలుగు నాట ఎందరో! హక్కు ఉన్నను నోరు విప్పడానికి సిగ్గు అడ్డువస్తున్నది. నోరు విప్పినను వినే తీరిక పెద్దలకు ఉండడము లేదు.

తరగతిలో నిన్నటివరకు చురుకుగా ఉండి నేడు మౌనముగా కూర్చొన్న విద్యార్థిని అందరికంటె ముందు గమనింపగలవాడు ఉపాధ్యాయుడు. చికిత్స చేయడము ఆయన పని కాదు, అది వైద్యునిది. కాని దగ్గరకు పిలిచి, తీర్పు చెప్పక, తొందరపెట్టక, ఒక గడియ వినడము ఆయన చేయగలిగిన పని. పార్శీ బాగాన్ సందులోని వైద్యుడు తన చికిత్సను ఆరంభించినది ఆ మెట్టుతోనే.