తుప్పు తెగులుకు దొరకని గోధుమ: విలియం ఫారర్ జీవితం నేర్పే పాఠం

విత్తనం కొనేటప్పుడు మనం ముందుగా అడిగేది దిగుబడి ఎంత అని. పంటకాలం ఎంత, ఏ తెగులును తట్టుకుంటుంది అన్నవి తర్వాతి మాట. ఆ రెండు ప్రశ్నల చుట్టూనే జీవితమంతా తిరిగిన వ్యక్తి విలియం ఫారర్.

ఆయన 1845లో ఇంగ్లండ్‌లో ఒక రైతు ఇంట పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో పట్టా పొంది వైద్య విద్యలో చేరాలనుకున్నా, క్షయ వ్యాధి సోకడంతో ఆ ఆలోచన మానుకున్నారు. ఆరోగ్యం కోసం 1870లో ఆస్ట్రేలియా వెళ్లారు. కొన్నాళ్లు పిల్లలకు చదువు చెప్పి, 1875 నుంచి భూముల సర్వేయరుగా పనిచేశారు. 1886లో ఉద్యోగం వదిలి, మురంబిడ్జీ నది ఒడ్డున లాంబ్రిగ్‌లో స్థిరపడ్డారు.

1889లో అక్కడి గోధుమ పైరుపై తుప్పు తెగులు విరుచుకుపడింది. ఈ శిలీంధ్రం ఆకు, కాండంలోని సూక్ష్మ రంధ్రాల గుండా లోపలికి చేరి, గింజకు అందాల్సిన ఆహారాన్ని లాగేస్తుంది. గింజలు ముడుచుకుపోయి తాలుగా మారతాయి. అప్పట్లో పొలమంతా కాపాడగల మందు రైతు చేతిలో లేదు. రకం మార్చడమే దారి అని నమ్మి, ఫారర్ సొంత ఖర్చుతో గోధుమ రకాల మధ్య సంకరం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో నాథన్ కోబ్ అనే శాస్త్రవేత్త, ఆకుపై మైనం పూత, మందమైన పై పొర, నిటారు ఆకులు ఉన్న మొక్కకు తుప్పు తక్కువ సోకుతుందని వాదించారు. నిరోధకతకు అసలు మూలం ఎక్కువగా మొక్క జన్యువుల్లోనే ఉందని, అది సంతతికి సంక్రమిస్తుందని 1905లో ఇంగ్లండ్‌లో బిఫెన్ చూపారు. ఫారర్ మాత్రం మరో లక్షణాన్ని పట్టుకున్నారు. అది త్వరగా కోతకు రావడం. తెగులు ఉధృతమయ్యేలోగా పైరు కోసేయవచ్చు.

ఈ గుణం ఆయనకు మన దేశపు ఇటావా గోధుమ నుంచి దొరికింది. దాని వారసత్వంతో 1901లో ఫెడరేషన్ రకం వచ్చింది. కంకి రంగు ఆకర్షణీయంగా లేకపోయినా, 1910 తర్వాత చాలా ఏళ్లు ఆస్ట్రేలియాలో ఎక్కువగా సాగైన గోధుమ అదే. ఆ విజయం చూడకముందే, 1906లో ఫారర్ గుండె జబ్బుతో మరణించారు.

ఒక్క విషయం మరువరాదు. ఫెడరేషన్ తుప్పును తట్టుకున్నది కాదు, తప్పించుకున్నది. తప్పించుకోవడం వాతావరణంపై ఆధారపడుతుంది. మన ఖరీఫ్ జొన్నలో ఇది తిరగబడుతుంది. తక్కువ కాలపు రకం గింజ వర్షాల్లోనే పక్వానికి వస్తే బూజు పట్టి నల్లబడుతుంది.

రైతులు గమనించాల్సినవి:

• విత్తే తేదీకి పంటకాలం కలిపి, కోత వానల్లో పడుతుందేమో లెక్క వేసుకోండి.
• వానలో కోత తప్పదనిపిస్తే, త్వరగా ఆరే విడి కంకుల జొన్న రకం ముద్ద కంకి కంటే మేలు.
• వరిలో అగ్గి తెగులు తట్టుకునే రకం వేసినా నత్రజని మోతాదు మించవద్దు. ఎక్కువైతే ఆకు మెత్తబడి తెగులు పెరుగుతుంది.
• ఒకే రకాన్ని ఊరంతా ఏటేటా వేయవద్దు. శిలీంధ్రం మారి ఆ నిరోధకతను దాటగలదు.

విత్తనం కొనేముందు మీ మండల వ్యవసాయ అధికారిని ఈ రెండు ప్రశ్నలూ అడగండి. కొన్న తర్వాత అడిగితే ఆ సీజను చేజారినట్టే.