రాజా దీన్‌దయాళ్ – గాజు పలకల మీద హైదరాబాదు

నూట ముప్పై ఏళ్ల కిందటి హైదరాబాదు కోటలు, మహళ్లు, దర్బారులు ఎలా ఉండేవో ఈనాడు మనం చూడగలుగుతున్నాం. అందుకు ముఖ్య కారకుడు రాజా దీన్‌దయాళ్. ఆయన తెలుగువాడు కాదు. చదువు, ఉద్యోగం, అభిరుచి ఆయనను ఊరి నుంచి ఊరికి నడిపించి చివరకు తెలుగునేలకు చేర్చాయి. పిల్లలూ, ఊళ్లు మారుతూ చదువుకునే మీకు ఆయన కథ దగ్గరగానే అనిపిస్తుంది.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరున్న సర్ధానాలో, ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదువుకున్నారు. 1866లో ఇందోర్ ప్రజాపనుల శాఖలో అంచనాలు వేసే, నక్షలు గీసే ఉద్యోగంలో చేరారు. ముప్పై ఏళ్ల వయసులో, 1874 ప్రాంతంలో, ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఈ పనిలో పేరున్న స్టూడియోలు చాలావరకు ఐరోపావారివి. మన కోల్‌కతా ఎస్ప్లనేడ్‌లో 2016 దాకా నడిచిన బోర్న్ అండ్ షెపర్డ్ అలాంటిదే.

అప్పటి కెమెరా అంటే మూడు కాళ్ల మీద నిలబెట్టిన ఒక చెక్కపెట్టె. ముందు ఇత్తడి గొట్టంలో లెన్స్, వెనుక మసక గాజు, మధ్యలో కొలిమితిత్తిలా సాగే ముడతల తోలు. ఫొటోగ్రాఫరు తలమీద నల్లగుడ్డ కప్పుకుని మసక గాజు మీద బొమ్మను చూడాలి. ఆ బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. మరను మెల్లగా తిప్పుతూ లెన్స్‌కూ గాజుకూ మధ్య దూరం సరిచేస్తే, బొమ్మ మసక వీడి తేటపడుతుంది. అదే ఫోకస్. తరువాత మసక గాజు స్థానంలో రసాయనం పూసిన గాజు పలక అమర్చాలి. ఇక అక్కడి నుంచి బొమ్మ కనిపించదు. ఎదుటి మనిషి కాస్త కదిలినా పలక వృథా.

దీన్‌దయాళ్ ఈ విద్యలో ఆరితేరారు. 1875-76లో వేల్స్ యువరాజు మన దేశానికి వచ్చినప్పుడు ఫొటోలు తీశారు. లెపెల్ గ్రిఫిన్ అనే అధికారి వెంట బుందేల్‌ఖండ్ అంతా తిరిగి పాత కట్టడాలను చిత్రించారు. ఆ చిత్రాలు 1886లో పుస్తకంగా వెలువడ్డాయి. 1885లో వైస్రాయికి ఫొటోగ్రాఫరుగా నియమితులయ్యారు.

అప్పుడే ఆయన ముందు ఒక పెద్ద ప్రశ్న నిలిచింది. నెల తిరిగేసరికి జీతం వచ్చే సర్కారు కొలువా, రాబడికి భరోసా లేని కెమెరానా? మొదట సెలవు పెట్టి చూశారు, ఆ తరువాత కొలువు వదిలేశారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచారు. అక్కడ ఫొటోలు తీసేదీ స్త్రీలే. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో వెలిసింది.

ఆయన రాజులనూ పులివేటలనూ మాత్రమే చూడలేదు. నిజాం రాజ్యంలో కరువు వచ్చినప్పుడు జరిగిన సహాయ పనులు కూడా ఆయన స్టూడియో ఫొటోల్లో నిలిచి ఉన్నాయి. 1905లో ఆయన కన్నుమూశారు. ఆయన గాజు పలకలు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

చిత్రమేమిటంటే, దీన్‌దయాళ్ చేసిన పనిని ఈనాడు మీరూ చేయవచ్చు. ఇంట్లో తాతగారి కాలపు ఫిల్ము కెమెరా లెన్స్ ఉంటే, తగిన అడాప్టరుతో మిర్రర్‌లెస్ కెమెరాకు తగిలించవచ్చు. ఈ కెమెరాల్లో అద్దం లేదు కనుక లెన్స్ బిగించే చోటుకూ సెన్సరుకూ మధ్య దూరం చాలా తక్కువ. పాత నికాన్‌లో అది 46.5 మిల్లీమీటర్లు, కొత్త నికాన్ జెడ్‌లో 16. మిగిలిన ఖాళీని అడాప్టరు పూరిస్తుంది. లెన్స్ లేకున్నా ఫొటో తీయనిచ్చే అమరికను మెనూలో ఆన్ చేయండి. లెన్స్ రంధ్రాన్ని పూర్తిగా తెరిచి, తెరమీద మనిషి కంటిని పెద్దది చేసి చూస్తూ, రింగును మెల్లగా తిప్పండి. పీకింగ్ పెడితే తేటపడిన అంచులు రంగుతో మెరుస్తాయి. కానీ దాన్నొక్కదాన్నే నమ్మవద్దు. పెద్దది చేసి చూసుకోవడమే ఖాయమైన దారి. ఈ కెమెరా తెరమీద బొమ్మ తలకిందులుగా ఉండదు, మీట నొక్కేదాకా కనిపిస్తూనే ఉంటుంది. దీన్‌దయాళ్‌కు లేని సౌకర్యం అదే. చేతికి కావలసిన ఓర్పు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

మరో ఊరికి వెళ్లేలోపు, ఇక్కడి మీ స్నేహితులను, మీ వీధిని, ట్రాముబండిని అలా ఒక్కసారి నిదానంగా చిత్రించండి. ఫొటో వెనుక పేరు, ఊరు, తేదీ రాయడం మరవకండి.