ఆటబొమ్మలో గ్రంథాలయ శాస్త్రాన్ని చూసిన రంగనాథన్

భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడిగా పేరొందిన ఎస్.ఆర్.రంగనాథన్ ఆ వృత్తిలో అడుగుపెట్టిన కొద్ది రోజులకే దాన్ని వదిలేయాలనుకున్నారు. 1924 జనవరిలో మద్రాస్ విశ్వవిద్యాలయ తొలి గ్రంథాలయాధికారిగా ఆయన బాధ్యతలు స్వీకరించారు. అప్పట్లో తెలుగు జిల్లాల కళాశాలలు కూడా ఆ విశ్వవిద్యాలయ పరిధిలోనే ఉండేవి. అంతటి సంస్థ గ్రంథాలయానికి వచ్చే పాఠకులు మాత్రం చాలా తక్కువ. విద్యార్థుల సందడికి అలవాటుపడిన గణిత అధ్యాపకుడికి ఆ నిశ్శబ్దం భరించరానిదైంది. తిరిగి పాఠాలు చెప్పుకొనే అవకాశం ఇప్పించమని ఆయన ప్రెసిడెన్సీ కళాశాలను ఆశ్రయించారు.

నేటి తమిళనాడులోని శియాలిలో 1892 ఆగస్టులో జన్మించిన రంగనాథన్ మద్రాస్ క్రిస్టియన్ కళాశాలలో గణితం చదివారు. మాట తడబడే ఇబ్బంది ఉన్నా పట్టుదలతో దాన్ని అదుపు చేసుకుని, బోధననే వృత్తిగా ఎంచుకున్నారు. మంగళూరు, కోయంబత్తూరు, మద్రాసులలో పాఠాలు చెప్పారు. గ్రంథాలయాధికారి పదవికి ఇంటర్వ్యూకు వెళ్లేనాటికి ఆ వృత్తి గురించి ఆయనకు తెలిసిందల్లా అంతకు కొద్ది రోజుల ముందు ఒక విజ్ఞాన సర్వస్వంలో చదివిన వ్యాసమే.

పాత కొలువు కోరి వచ్చిన ఆయన ముందు కళాశాల ఒక షరతు పెట్టింది. ముందు లండన్ వెళ్లి అక్కడి గ్రంథాలయాల పనితీరు చూసి రావాలి. అప్పటికీ మనసు మారకపోతే గణిత అధ్యాపక పదవి ఆయనదే. అలా 1924లోనే ఆయన లండన్ యూనివర్సిటీ కళాశాలలో చేరి, బెర్విక్ సేయర్స్ వద్ద వర్గీకరణ శాస్త్రం అభ్యసించారు. పలు గ్రంథాలయాలను సందర్శించి, పసివాళ్ల నుంచి కార్మికుల వరకు అందరూ వాటిని వాడుకోవడం గమనించారు. గ్రంథాలయమంటే పుస్తకాల గిడ్డంగి కాదన్న నమ్మకం అక్కడే బలపడింది.

ఆయన ఆలోచనను మలుపు తిప్పిన పాఠం మాత్రం తరగతి గదిలో దొరకలేదు. లండన్‌లోని సెల్ఫ్రిడ్జెస్ దుకాణంలో ఒక ఉద్యోగి మెకానో ఆటవస్తువులను ప్రదర్శిస్తున్నాడు. అవే ఇనుప పట్టీలు, చక్రాలు, మరలతో ఒకసారి ఒక బొమ్మ, మరోసారి ఇంకో బొమ్మ తయారవుతున్నాయి. పుస్తకాల విషయాలను కూడా ఇలాగే చిన్న చిన్న అంశాలుగా విడదీసి, అవసరాన్నిబట్టి జోడించవచ్చు కదా అని రంగనాథన్‌కు తోచింది. అప్పటి పద్ధతుల్లో చాలావరకు ముందే సిద్ధం చేసిన సంఖ్యల్లో ఒకదాన్ని పుస్తకానికి కేటాయించేవారు. రంగనాథన్ పద్ధతిలో సంఖ్యను పుస్తకానికి తగినట్టు కూర్చుకోవచ్చు. ఆ అంశాలను కలిపే మరలాగా కోలన్ గుర్తు పనిచేసింది. స్వదేశానికి వస్తూ ఓడలోని గ్రంథాలయాన్నే ఈ కొత్త పద్ధతిలో సర్ది చూశారు. 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణకు బీజం ఇదే.

1925లో తిరిగివచ్చిన రంగనాథన్ మళ్లీ గణితం ఊసెత్తలేదు. 1928లో మద్రాస్ గ్రంథాలయ సంఘం స్థాపనలో కీలకపాత్ర వహించారు. మరుసటి ఏడాది ఆ సంఘం ఆధ్వర్యంలో గ్రంథాలయ శిక్షణ మొదలైంది. 1931లో ప్రచురించిన పంచసూత్రాల గ్రంథంలో పుస్తకాలు ఉన్నది వాడకానికేనని, ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం అందాలని ప్రతిపాదించారు. ఆ గంభీరమైన విషయాన్ని కూడా పొడిగా చెప్పలేదు. సూత్రాలకు మనుషుల్లా మాటలిచ్చి, వాటిచేత వాదనలు చేయించారు.

బోధనలోనూ అదే తీరు. వర్గీకరణలో ఏ అంశం ముందు రావాలో చెప్పడానికి ఆయన గోడను, బొమ్మను ఉదాహరణగా చూపేవారు. గోడ లేనిదే దానిపై బొమ్మ గీయలేం. అలాగే పంట లేనిదే తెగులు లేదు, తెగులు లేనిదే నివారణ లేదు. కాబట్టి వరి ముందు, తెగులు తరువాత, ఆపై నివారణ. విడదీయగలిగినా విడదీయకూడని అంశాలకు ఆవు, దూడ పోలిక తెచ్చారు. పాడి ఆవును దూడనుంచి వేరుచేయరాదన్నది ఏ రైతుబిడ్డకైనా తెలిసిన సంగతే. నవ్వు తెప్పించే ఈ పేర్లే నేటికీ గ్రంథాలయ శాస్త్ర పాఠ్యగ్రంథాల్లో సూత్రాలుగా నిలిచి ఉన్నాయి.

కొత్తగా కళాశాలలో చేరిన విద్యార్థికి గ్రంథాలయాన్ని పరిచయం చేయడం సిబ్బంది విధుల్లో ఒకటని రంగనాథన్ భావించారు. అరల వరుస, సూచిక పత్రాల అమరిక తెలియని విద్యార్థి బెదిరిపోయి, మళ్లీ గడప తొక్కకపోవచ్చు. ఖాళీ గ్రంథాలయంలో కూర్చుని విసిగిన మనిషికి ఆ నష్టమెంతో బాగా తెలుసు.

ఆ తరువాత బెనారస్, ఢిల్లీ విశ్వవిద్యాలయాల్లో ఆయన బోధించారు. 1948నాటి మద్రాస్ పౌర గ్రంథాలయాల చట్టం వెనుక ఆయన కృషి ఉంది. 1956లో లక్ష రూపాయల సొంత సొమ్మును మద్రాస్ విశ్వవిద్యాలయానికి ఇచ్చి, భార్య శారద పేరు జోడించి గ్రంథాలయ శాస్త్ర ఆచార్య పీఠం ఏర్పాటు చేయించారు. 1957లో పద్మశ్రీ అందుకున్నారు. 1962లో బెంగళూరులో డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పారు. 1972 సెప్టెంబర్ 27న అదే నగరంలో కన్నుమూశారు.

ఏటా ఆగస్టు 12న దేశం జాతీయ గ్రంథపాలకుల దినోత్సవం జరుపుకొంటోంది. పారిపోవాలనుకున్న వృత్తికే పితామహుడైన వ్యక్తిని స్మరించుకునే రోజు అది.